అడిగాము, రాలేదు... ఇంకా ఎందుకు అడగాలి?

మానవుడు చాలా తొందరపాటు కలవాడని దివ్యఖుర్ఆన్ సెలవిస్తోంది (17:11). మేలును కోరుకున్నంత ఆత్రంగా తనకు తెలియకుండానే కీడును కూడా కోరుకుంటాడని ఆ ఆయతులోనే హెచ్చరిస్తోంది. విత్తనం నాటిన మర్నాడే మట్టి తవ్వి మొలక వచ్చిందా అని చూసే పసివాడి గుణం మనందరిలోనూ ఎంతో కొంత ఉంది. అయితే ఈ తొందరపాటు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే చోటు ఒకటుంది. అది దుఆ.

ఈ రోజుల్లో మన ఇళ్ళలోని యువతీ యువకులు మనసులో దాచుకున్న ప్రశ్న ఒకటుంది. పెద్దలు నొచ్చుకుంటారని వారు పైకి అనరు. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకు ముందు నెలల తరబడి తహజ్జుద్ చేసిన అబ్బాయికి సీటు రాదు. తండ్రి ఆరోగ్యం కోసం ఏడ్చి వేడుకున్న అమ్మాయి తండ్రిని కోల్పోతుంది. సంబంధం కుదరాలనీ, వీసా రావాలనీ, అప్పు తీరాలనీ ఏళ్ళ తరబడి చేతులెత్తిన కుటుంబం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అప్పుడు మనసు అడుగుతుంది: అడిగాము, రాలేదు. ఇంకా ఎందుకు అడగాలి?

ఇది ముస్లిం యువతకు మాత్రమే ఎదురయ్యే ప్రశ్న కాదు. మన పిల్లలతో పాటు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకునే క్రైస్తవ యువకులూ ఇదే ప్రశ్నతో సతమతమవుతుంటారు. చర్చిలో ఉపవాస ప్రార్థనలు చేసి, ఫలితం కనపడక, మెల్లగా ప్రార్థనకే దూరమయ్యేవారు వారిలోనూ ఉన్నారు. విశ్వాసాల్లో మనకూ వారికీ మధ్య ఉన్న భేదాలు తెలిసినవే. కానీ ఈ ప్రశ్న ముందు అందరి యువతా ఒకే చోట నిలబడి ఉంది. అందుకే దీన్ని కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

తొందరపాటు అంటే ఏమిటి?

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఈ విషయంలో మనకు స్పష్టమైన మాట చెప్పారు. తొందరపడనంత వరకూ దాసుని దుఆ స్వీకరించబడుతూనే ఉంటుందని ఆయన తెలియజేశారు. తొందరపాటు అంటే ఏమిటో కూడా వివరించారు: నేను అడిగాను, అడిగాను, నా మొర ఆలకించబడినట్టు లేదు అనుకుని, విసుగు చెంది, దుఆ చేయడమే మానుకోవడం (బుఖారీ, ముస్లిమ్).

ఈ మాటను జాగ్రత్తగా గమనించండి. త్వరగా ఇవ్వమని కోరడాన్ని ప్రవక్త (స) తొందరపాటు అనలేదు. బాధలో ఉన్నవాడు త్వరగా గట్టెక్కించమని అడగడం సహజం. కన్నీళ్ళు పెట్టుకోవడాన్ని కూడా తొందరపాటు అనలేదు. అడగడం మానేసి వెళ్ళిపోవడాన్నే ఆయన తొందరపాటు అన్నారు. అంటే దుఆలో సబ్ర్ అనేది గుండెను రాయి చేసుకోవడం కాదు. తలుపు దగ్గర నుంచి కదలకపోవడం.

హజ్రత్ యాఖూబ్ (అలై) గాథ చూడండి. కుమారుడు యూసుఫ్ (అలై) దూరమైన దుఃఖంతో ఆయన కళ్ళు తెల్లబడిపోయాయి. అయినా ఆయన తన బాధనూ వ్యథనూ అల్లాహ్ కే మొరపెట్టుకుంటున్నానని అన్నారు (12:86). అల్లాహ్ కు మొరపెట్టుకోవడం సహనానికి విరుద్ధమైతే, సుందరమైన సహనం అనే మాటను ఆయన నోట ఖుర్ఆన్ పలికించేదే కాదు (12:18). అల్లాహ్ ముందు ఏడ్చేవాడు సహనం కోల్పోయినవాడు కాడు. ఎవరి ముందు ఏడవాలో తెలిసినవాడు.

అన్నీ తెలిసినవాడిని అడగడమెందుకు?

కొందరు యువకులు మరో అడుగు ముందుకేసి అడుగుతారు. అల్లాహ్ కు అన్నీ తెలుసు కదా, నా అవసరం ఆయనకు ముందే తెలిసినప్పుడు నేను మళ్ళీ మళ్ళీ చెప్పడమెందుకు? ఇవ్వదలచుకుంటే ఇస్తాడు, లేకపోతే లేదు.

ఈ ప్రశ్నలో తెలివి ఉంది. కానీ ఇదే తర్కాన్ని మనం పొలానికి వర్తింపజేయం. ఉపాధి అల్లాహ్ చేతిలో ఉందని నమ్మే రైతు తొలకరి పడగానే నాగలి తీసుకుని బయలుదేరుతాడే గాని, రాసిపెట్టి ఉంటే పంట అదే వస్తుందని ఇంట్లో కూర్చోడు. దున్నడం, విత్తడం ఎలా సాధనాలో దుఆ కూడా అలాంటి సాధనమే. ఫలితాన్ని నిర్ణయించిన ప్రభువే దానికి సాధనాన్నీ నిర్ణయించాడు.

రెండో విషయం. దుఆ అంటే ఆరాధనే అని ప్రవక్త (స) చెప్పారు (తిర్మిజీ, అబూ దావూద్). నమాజు చేసి వచ్చిన వాడు, ఇన్ని రకాతులు చేశాను, చేతికి ఏమొచ్చింది అని జేబు తడుముకోడు. మరి దుఆ కూడా ఆరాధనే అయినప్పుడు, అడిగిన వస్తువు రానంత మాత్రాన అది వృథా ఎలా అవుతుంది? మనం అల్లాహ్ కు సమాచారం అందించడానికి చేతులెత్తడం లేదు. మనం ఎవరి దాసులమో మనకు మనం గుర్తు చేసుకోవడానికి ఎత్తుతున్నాం.

మూడో విషయం, ఓర్పుతో అడిగినవారికి మాత్రమే అనుభవంలోకి వచ్చేది. ఒకే కోరికను నెలల తరబడి అడిగినప్పుడు ఆ కోరిక మారకపోవచ్చు గాని అడిగే మనిషి మారతాడు. మొదటి వారంలో, ప్రభూ, నాకు ఆ ఉద్యోగమే కావాలి అని అడిగినవాడు, కొన్నాళ్ళకు, ప్రభూ, నాకు హలాల్ ఉపాధి కావాలి, ఎక్కడైనా సరే అని అడుగుతాడు. మరికొన్నాళ్ళకు, నాకు మేలైనదేదో నీకే తెలుసు అంటాడు. మొదటి రోజే దొరికిపోయి ఉంటే ఈ ప్రయాణమే ఉండేది కాదు.

సమాధానం దొరికింది, కనుక స్థిరంగా ఉండండి

హజ్రత్ జకరియ్యా (అలై) వృత్తాంతం మనకూ క్రైస్తవులకూ తెలిసినదే. దివ్యఖుర్ఆన్ లోనూ, నేటి బైబిల్లోని లూకా సువార్త మొదటి అధ్యాయంలోనూ అది కనిపిస్తుంది. ఎముకలు బలహీనమై, తల నెరిసి, భార్య గొడ్రాలై ఉన్న స్థితిలో ఆయన సంతానం కోసం వేడుకున్నారు. ఆ వేడుకోలులో ఒక మాట మన యువత కంఠస్థం చేసుకోదగినది. నిన్ను ప్రార్థించి నేను ఎన్నడూ విఫలుణ్ణి కాలేదన్నది దాని భావం (19:4). బిడ్డ లేకుండా ముసలితనంలోకి వచ్చిన మనిషి ఈ మాట అంటున్నారు! ఆయన లెక్క మన లెక్కలాంటిది కాదు. మనం అందని ఒక్కదాన్ని చూసి అందినవన్నీ మరచిపోతాం. ఆయన అందినవన్నీ గుర్తు చేసుకుని అందనిదాన్ని అడిగారు. అల్లాహ్ ఆయనకు యహ్యా (అలై) ను ప్రసాదించాడు.

హజ్రత్ మూసా (అలై), హారూన్ (అలై) ల విషయం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఫిరౌన్ దౌర్జన్యం నుంచి విముక్తి కోసం వారు దుఆ చేశారు. మీ దుఆ స్వీకరించబడింది అని అల్లాహ్ తెలిపాడు. ఆ వెంటనే, కనుక మీరు స్థిరంగా ఉండండి అని ఆదేశించాడు (10:89). మన ఆలోచన ప్రకారమైతే, స్వీకరించబడింది అన్న తర్వాత స్థిరంగా ఉండమనవలసిన పనేముంది? పని అయిపోయింది కదా! కానీ స్వీకరణకూ, అది కళ్ళ ముందు కనపడటానికీ మధ్య ఒక కాలం ఉంటుంది. ఈ రెంటి మధ్య నలభై ఏళ్ళు గడిచాయని కొందరు ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. ఆ మధ్యకాలంలో స్థిరత్వమే మన వంతు. మన దుఆ ఇప్పటికే స్వీకరించబడి, దాని గడియ కోసం మాత్రమే మిగిలి ఉందేమో మనకేం తెలుసు?

నిరాకరించబడిన దుఆలు

అయితే నిజాయితీగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఆలస్యం కావడమే కాదు, కొన్ని దుఆలు అడిగిన రూపంలో అసలే నెరవేరవు. దీన్ని యువత దగ్గర దాచిపెడితే మనం వారికి సగం ధర్మమే నేర్పినట్టు.

హజ్రత్ నూహ్ (అలై) మునిగిపోతున్న కొడుకు విషయంలో తన ప్రభువుకు మొరపెట్టుకున్నారు. అది అంగీకరించబడలేదు (11:45-46). సృష్టిలో అల్లాహ్ కు అందరికంటే ప్రియమైన మహాప్రవక్త (స) కూడా ఒక రోజు బనూ ముఆవియా వారి మసీదులో రెండు రకాతుల నమాజు చేసి సుదీర్ఘంగా దుఆ చేశారు. తన సమాజం కోసం మూడు విషయాలు అడిగాననీ, అల్లాహ్ రెండు ఇచ్చి మూడోదాన్ని ఆపాడనీ ఆయనే తన సహచరులకు చెప్పారు. కరువుతో గాని వరదలో మునిగి గాని తన సమాజం అంతా నశించకూడదన్న రెండు కోరికలు నెరవేరాయి. వారు తమలో తాము కొట్లాడుకోకూడదన్న కోరిక నెరవేరలేదు (ముస్లిమ్). ఫాతిమా (రజి) ఒక్కరు తప్ప ఆయన సంతానమంతా ఆయన కళ్ళముందే ఈ లోకం విడిచారు. పసివాడైన ఇబ్రాహీమ్ చనిపోయినప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. కానీ ప్రభువుకు ఇష్టం కాని మాట ఒక్కటీ ఆయన నోట రాలేదు.

దీన్నిబట్టి ఒక నిజం తెలుస్తోంది. దుఆ నెరవేరకపోవడం అల్లాహ్ కోపానికి గుర్తు కానక్కరలేదు. కనుక బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరకో, రోగంతో మంచాన ఉన్న యువకుడి దగ్గరకో వెళ్ళి, నీ ఈమాన్ లో ఏదో లోపం ఉంది, అందుకే నీ దుఆ వినబడలేదు అనడం ఘోరమైన అన్యాయం. ఎవరి దుఆ ఎందుకు ఆగిందో మనకు తెలియదు. అలా అనే అధికారం మనకెవరూ ఇవ్వలేదు. హరామ్ తిండి, హరామ్ దుస్తులతో చేసే దుఆ స్వీకారయోగ్యం కాదన్న హెచ్చరిక హదీసులో ఉంది. ఆ హెచ్చరికతో ఎవరికి వారు తమను తాము పరీక్షించుకోవాలి. ఎదుటివాడిని కొట్టడానికి దాన్ని కర్రగా వాడుకోకూడదు.

పాపం కోసం గాని, బంధుత్వాన్ని తెంచడం కోసం గాని చేయని ఏ దుఆ అయినా మూడింటిలో ఒక రూపంలో ఫలిస్తుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. అడిగింది ఇక్కడే లభిస్తుంది. లేదా దాని ప్రతిఫలం పరలోకం కోసం భద్రపరచబడుతుంది. లేదా దానికి సమానమైన ఒక కీడు మన నుంచి తొలగించబడుతుంది. ఇది విన్న సహచరులు, అయితే మేము ఎక్కువగా దుఆ చేస్తాం అన్నారు. అల్లాహ్ దగ్గర అంతకంటే ఎక్కువ ఉందని ప్రవక్త (స) బదులిచ్చారు (ముస్నద్ అహ్మద్). వారు ఎంత వివేకవంతులో చూడండి! అడిగింది ఇక్కడే దొరుకుతుందన్న హామీ లేదని తెలిసి వారు తగ్గించుకోలేదు, పెంచుకున్నారు.

ఒక తల్లి రాత్రంతా అడిగిన ప్రార్థన

క్రైస్తవ చరిత్రలోని ఒక సంఘటన ఇక్కడ ప్రస్తావించదగినది. నేటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్ పట్టణాన్ని పూర్వం తగాస్తే అనేవారు. 354లో అక్కడ అగస్టీన్ అనే వ్యక్తి జన్మించాడు. తల్లి మోనికా భక్తురాలు. కొడుకు మాత్రం యౌవనంలో విచ్చలవిడిగా తిరిగాడు. తల్లి మతాన్ని కాదని మరో మార్గం పట్టాడు. ఆమె ఏళ్ళ తరబడి అతని కోసం కన్నీళ్ళతో ప్రార్థించింది. 383లో అతను కార్తేజ్ రేవు నుంచి రోముకు బయలుదేరబోయాడు. దూరమైతే మరింత చెడిపోతాడని భయపడి, వెళ్ళనివ్వవద్దని ఆమె రేవు సమీపంలోని ప్రార్థనా మందిరంలో రాత్రంతా దేవుణ్ణి వేడుకుంది. ఆ రాత్రే కొడుకు తల్లికి అబద్ధం చెప్పి ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ తెల్లవారి ఆమె మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. కానీ ఆ ప్రయాణమే అతన్ని రోము మీదుగా మిలాన్ కు చేర్చింది. అక్కడే అతని జీవితం మలుపు తిరిగింది. 387లో అతను తల్లి విశ్వాసాన్ని స్వీకరించాడు. ఆమె దాన్ని కళ్ళారా చూసి అదే ఏడాది కన్నుమూసింది. తర్వాత కాలంలో అగస్టీన్ తన ఆత్మకథలో ఈ సంగతి రాసుకున్నాడు. ఆమె ఎల్లప్పుడూ అడుగుతున్నది ఇవ్వడం కోసమే దేవుడు ఆ రాత్రి అడిగినదాన్ని ఇవ్వలేదని అతను గ్రహించాడు.

వారి సిద్ధాంతంతో మనకు ఏకీభావం లేదు. కానీ ఒక తల్లి ఓర్పులోని ఈ పాఠం ఎవరికైనా పనికొస్తుంది. మన ప్రతి దుఆలో రెండు కోరికలు ఉంటాయి. పైకి చెప్పేది ఒకటి, దాని అడుగున ఉండేది ఒకటి. ఓడ ఆగాలన్నది పై కోరిక. కొడుకు బాగుపడాలన్నది అడుగున ఉన్న కోరిక. మనకు ఓడ మాత్రమే కనపడుతుంది. అల్లాహ్ కు రెండూ కనపడతాయి. మీకు నచ్చనిదానిలో మీకు మేలు ఉండవచ్చు, నచ్చినదానిలో కీడు ఉండవచ్చు, అల్లాహ్ కు తెలుసు, మీకు తెలియదు అన్న ఖుర్ఆన్ బోధ (2:216) ఇదే కదా!

క్రైస్తవ యువకులకు వారి పెద్దలు తరచుగా చెప్పే ఒక ఉపమానం కూడా లూకా సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. దైవభీతి లేని ఒక న్యాయాధికారి దగ్గరకు ఒక వితంతువు న్యాయం కోసం పదే పదే వెళ్తుంది. చివరికి అతను విసిగిపోయి న్యాయం చేస్తాడు. అలాంటివాడే కదిలినప్పుడు దేవుడు ఆలకించడా అన్నది అందులోని తాత్పర్యం. మన ప్రభువు అసలు విసుగు చెందేవాడే కాదు. తన దాసులకు తాను సమీపంలోనే ఉన్నాననీ, పిలిచేవాడి పిలుపుకు జవాబిస్తాననీ ఆయన ప్రకటించాడు (2:186). పిలిచేవాళ్ళమే విసిగి వెళ్ళిపోతున్నాం.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలు దుఆకు దూరమవుతున్నారంటే అందులో మన బాధ్యత ఎంత? పరీక్షల నెలలో మాత్రమే బేటా, నమాజు చెయ్యి, మంచి ర్యాంకు వస్తుంది అని చెప్పే ఇల్లు, పిల్లవాడికి నమాజును ఒక బేరంగా నేర్పుతోంది. ర్యాంకు వస్తే బేరం ముగిసింది కనుక మానేస్తాడు. రాకపోతే మోసపోయానని మానేస్తాడు. రెండు విధాలా నష్టమే.

మీ కుటుంబానికి నమాజు గురించి ఆదేశించండి, మీరూ దానిపై స్థిరంగా ఉండండి అని అల్లాహ్ చెప్పాడు. ఆ వెంటనే, మేము మిమ్మల్ని ఉపాధి అడగటం లేదు, మేమే మీకు ఉపాధి ఇస్తున్నాం అన్నాడు (20:132). ఇక్కడ పెద్దల స్థిరత్వాన్ని కూడా కలిపి చెప్పడం గమనించాలి. తన దుఆ నెరవేరని రోజు కూడా తండ్రి ఫజ్ర్ కు లేవడం చూసిన పిల్లవాడికి ఇక సబ్ర్ గురించి ఉపన్యాసం అక్కరలేదు.

యువతకు కొన్ని సూచనలు

ఆచరణలో మన యువతీ యువకులు ఈ విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, కొద్దిగా అయినా క్రమం తప్పకుండా చేసే ఆచరణే అల్లాహ్ కు అత్యంత ప్రీతికరం (బుఖారీ, ముస్లిమ్). ఒక రాత్రి గంటసేపు ఏడ్చి నెల రోజులు మరచిపోవడం కంటే, రోజూ ఇషా తర్వాత ఐదు నిమిషాలు అడగడం మేలు.

రెండోది, సమయాలను వదులుకోవద్దు. రాత్రి చివరి మూడో భాగం, సజ్దా స్థితి, అజాన్ కూ ఇఖామత్ కూ మధ్య సమయం దుఆకు శ్రేష్ఠమైనవని హదీసుల ద్వారా తెలుస్తోంది. మసీదులో ఇఖామత్ కోసం కూర్చున్న ఆ పది నిమిషాలు సెల్ ఫోన్ చూస్తూ గడిపేస్తే, అది ఎంత నష్టం!

మూడోది, దుఆ ప్రయత్నానికి బదులు కాదు. కళ్ళు పోయేంతగా దుఃఖించిన యాఖూబ్ (అలై) కుమారులతో, మీరు వెళ్ళి యూసుఫ్ నూ అతని తమ్ముణ్ణీ వెతకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అన్నారు (12:87). వెతకడం, నిరాశ చెందకపోవడం రెండూ ఒకే మాటలో చెప్పారు. చదవకుండా ర్యాంకు, దరఖాస్తు పెట్టకుండా ఉద్యోగం, మందు వేసుకోకుండా ఆరోగ్యం అడగటం ఓర్పు కాదు, సోమరితనం.

నాలుగోది, సందేహం వస్తే మనసులో కుళ్ళబెట్టుకోకండి. అమ్మతో, నాన్నతో, తెలిసిన ధర్మపండితునితో చెప్పుకోండి. పెద్దలు కూడా అలాంటి ప్రశ్న విని కోప్పడకూడదు. అడుగుతున్నాడంటే ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడని అర్థం.

సోదర సోదరీమణులారా! ఓర్పు ద్వారా, నమాజు ద్వారా సహాయం అర్థించమని అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. అడిగినవన్నీ ఇచ్చేస్తానని కాదు, సహనశీలురకు తాను తోడుగా ఉంటానని అక్కడ చెప్పాడు (2:153). ఉద్యోగం, ఆరోగ్యం, సంతానం అన్నీ ఎప్పుడో ఒకప్పుడు మనల్ని విడిచి వెళ్ళేవే. ఆయన తోడు అలాంటిది కాదు. ఆ తోడు వద్దనుకుని తలుపు దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయేవాడు, ఇంకెవరి తలుపు తడతాడు?

అల్లాహ్ మనకూ మన సంతానానికీ దుఆలో అలసట లేని నాలుకను, ఆలస్యంలో సడలని విశ్వాసాన్ని, ఆయన నిర్ణయం పట్ల తృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.